పేరు చెప్పని ప్రార్థన

ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువాలు వేసి సీటు పట్టుకునే పద్ధతి మీద నాకు మొదటి నుంచీ చిన్న అభ్యంతరం ఉంది. బస్సు ఇంకా సరిగ్గా ఆగదు. కింద నుంచి ఒక చెయ్యి లేస్తుంది, తువాలు ఎగిరి లోపల పడుతుంది, ఇక ఆ సీటు ఆ చేతిది. డోరు దగ్గర నలిగి, తోసుకుని, చెమటలు కక్కుతూ లోపలికొచ్చిన మనిషి ఆ తువాలును చూసి, అక్కడ ఎవరో ముసలాయన కూర్చున్నట్టే మర్యాదగా పక్కకు తప్పుకుంటాడు. తువాలు లేనివాళ్లు కర్చీఫు వేస్తారు. తల్లాడ బస్టాండులో ఒకాయన ఎడమకాలి చెప్పు వేయడం నేను కళ్లారా చూశాను. దాన్ని కూడా ఎవరూ కదిలించలేదు. మా నాన్న ఆ బస్సుల్లోనే కండక్టరు. న్యాయం చెప్పమంటే, తువాలు గూడ టికెట్ తీసుకుంటే నాకేం ఇబ్బంది లేదనేవాడు.

మా పెదనాన్న బస్సు ఎక్కకుండానే తువాళ్లు వేసేవాడు.

నాన్నకు సొంత అన్న ఆయన. రిటైరైన హెడ్మాస్టరు, తల్లాడలో మా చర్చికి సంఘపెద్ద. మా సంఘంలో ఒక ఆచారం ఉంది. పదో తరగతో ఇంటరో పాసైన పిల్లల్ని ఆదివారం ఆరాధన అయ్యాక ముందుకు పిలుస్తారు. తల మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ ఫలానా చదువుకు పోతున్నదని చెప్పి ప్రార్థన చేస్తారు. చెయ్యి పెదనాన్నది కాబట్టి ఏ చదువో కూడా పెదనాన్నే తేల్చేవాడు. ఒకసారి ప్రార్థన అయ్యాక మార్చుకోవడం కుదరదు. ఆయనతో అయితే ఎంతో కొంత పోట్లాడవచ్చు. ఆమెన్‌తో ఎవరు పోట్లాడతారు? ఆ విధంగా లెక్కలంటే జ్వరం వచ్చే ఒకబ్బాయి పాలిటెక్నిక్‌లో చేరాడు, రక్తం చూస్తే కళ్లు తిరిగే ఒకమ్మాయి నర్సింగ్‌లో చేరింది. నాకు కూడా ఆయన నర్సింగే అనుకున్నాడు. మీ అమ్మ తెల్లకోటు ఉన్నది గద, కొత్తది కుట్టించే పని లేదన్నాడు. అది ఆయన హాస్యం. హాస్యంలో మాది ఒకే కుటుంబం అని ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంటుంది.

అమ్మ గవర్నమెంటు నర్సు. డ్యూటీ భద్రాచలం వైపు అడవి ఊళ్లలో. సోమవారం తెల్లారి నాన్న డిపో బస్సే ఎక్కి పోయేది, శనివారం సాయంత్రం వచ్చేది. ఆ ఊళ్లలో ముసలివాళ్లకు తెలుగు అంతగా రాదు. అమ్మ కోయభాషలో కష్టపడి ఒక ప్రశ్న నేర్చుకుంది, ఎక్కడ నొప్పి అని. ఆ ఒక్క ప్రశ్నతో ఉద్యోగమంతా నడిచిందని అనేది. జవాబు ఎట్లా అర్థమయ్యేదని అడిగితే, నొప్పికి భాషేంది, చెయ్యి పెట్టి చూపిస్తరు అనేది.

ఆదివారం మాత్రం అమ్మది వేరే ఉద్యోగం. మా చర్చిలో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. ఆడవాళ్ల వైపు మొదటి చాప, హార్మోనియం పక్కన, అమ్మది. మైకు పట్టుకుని పాట ఎత్తుకునేది ఆమె. మా అమ్మ కాబట్టి చెప్పడం లేదు గానీ, రోడ్డు మీద పోయేవాళ్లు సైకిలు దిగి నిలబడి విని, పాట అయిపోగానే దేవుడి జోలికి రాకుండా వెళ్లిపోయేవారు. వారం అంతా తక్కువ మాట్లాడే మనిషి ఆ కాసేపు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు ఉండేది.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్న ఏడు గోదావరి భద్రాచలం ఊళ్లోకి వచ్చింది. గోదావరి రావడం కొత్త కాదు, ఆ ఏడు కొంచెం ఎక్కువసేపు కూర్చుంది. అమ్మను ఒక బడిలో పెట్టిన పునరావాస శిబిరానికి డ్యూటీ వేశారు. చాలా రోజులు ఇంటికి రాలేదు. వచ్చిన రోజు బురద చీరలన్నీ ఉతికి ఆరేసింది. అక్కడ ఏం జరిగిందని అడిగితే, ఏముంటది, నీళ్లు అన్నది. తర్వాత అదీ అనలేదు. అన్నం ముందు కూర్చుని కలపకుండా చూసేది. తెల్లవారుజామున ఎప్పుడు లేచినా ఆమె మేలుకొనే ఉండేది. గిన్నెలు తోముతూ ఏడ్చేది, తోమడం ఆపేది కాదు. డ్యూటీకి మాత్రం ఒక్క రోజు నాగా పెట్టలేదు. సూది గుచ్చే చెయ్యి ఎప్పట్లాగే వణకలేదని ఆమెతో పనిచేసేవాళ్లు చెప్పారు.

ఒక ఆదివారం పాట ఎత్తుకుంది. మొదటి చరణం అయింది. రెండోది రాలేదు. హార్మోనియం ఒక సుట్టు తిరిగి వచ్చి ఆమె కోసం ఆగింది, ఇంకో సుట్టు తిరిగి వచ్చింది, తర్వాత అది కూడా ఊరుకుంది. అమ్మ మైకు పట్టుకుని అట్లనే నిలబడి ఉంది. మరచిపోయిన మనిషిలాగా లేదు. పాట అక్కడిదాకానే ఉందన్నట్టు నిలబడింది. పెదనాన్న లేచి వచ్చి ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నాడు. లాగలేదు, అది ఒప్పుకోవాలి. చిన్నపిల్ల చేతిలో కత్తి ఉంటే ఎట్లా తీస్తామో, వేలు తర్వాత వేలు విప్పి అట్లా తీశాడు. ప్రార్థన చేద్దాం అన్నాడు.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి నాన్నను కూర్చోబెట్టాడు. అమ్మను ఖమ్మంలో మనసు డాక్టరుకు చూపిద్దామని నాన్న అప్పటికే అనుకుంటున్నాడు. పెదనాన్న వద్దన్నాడు. ఆ డాక్టరు చీటీ ఒకటి బయటికొస్తే గవర్నమెంటు నౌకరీ ఉంటదా అన్నాడు. మరి చర్చిలో పాట సంగతి ఏమిటని నాన్న నసిగాడు.

"ఏం రోగమో తెల్వకుండ మైకు చేతికెట్ల ఇస్తం తమ్మీ? ముందు రోగం పేరేందో తేలనియ్యి. మంచిగైనంక చూద్దాం."

డాక్టరు దగ్గరికి పోవద్దు, రోగం పేరు మాత్రం తేలాలి. నాన్న "అవ్ అన్నా" అన్నాడు. మా నాన్న జీవితంలో ఈ రెండు మాటలకు ఎంత పని పడిందో లెక్క కట్టడం కష్టం.

అమ్మ మొదటి చాప నుంచి చివరి చాపకు మారింది. చివరి చాప అంటే గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోటు పక్కన. ఎవరూ మారమనలేదు, ఆమే పోయి కూర్చుంది. ఎవరూ ముందుకు రమ్మని కూడా అనలేదు. పాట ఎత్తుకునే పని పెదనాన్న చేతికి పోయింది.

అసలు కథ ఆ పై ఆదివారం మొదలైంది. మా సంఘంలో పాటలయ్యాక ప్రార్థన అవసరతలు అడుగుతారు. ఎవరికి ఏ కష్టం ఉంటే వాళ్లు లేచి చెబుతారు. జ్వరాలు, పరీక్షలు, ఆగిపోయిన బోరు, అన్నీ వస్తాయి. అందరివీ అయ్యాక వాటన్నిటికీ కలిపి గట్టిగా ప్రార్థన చేయడం సంఘపెద్ద వంతు. పెదనాన్న ఆ రోజు తనే లేచాడు. మన సంఘంలో ఒక సోదరికి మనసు బాగలేదు, ఆమె కోసం ప్రార్థన చేయాలె, పేరు చెప్పను అన్నాడు. పేరు చెప్పకపోవడం ఆయన మర్యాద. సంఘమంతా ఒక్కసారి మెడ తిప్పి గుమ్మం వైపు చూసింది. అమ్మ తలమీద కొంగు సర్దుకుంది. ఆ పై ఆదివారం కూడా అదే. ఆ పైన కూడా. అమ్మ పేరును ఎవరూ ఒక్కసారి పలకకుండానే ఊరంతటికీ ఆమె పిచ్చిదని తెలిసిపోయింది. కొన్నాళ్లకు అమ్మ దగ్గర సూది వేయించుకోవడానికి మా వీధివాళ్లు వెనకాడడం మొదలుపెట్టారు. వాళ్ల ఆరోగ్యానికి అది మేలే చేసి ఉండవచ్చు. నాకు మాత్రం చేయలేదు.

క్షమించమని ప్రతి ఆదివారం వింటూనే ఉన్నాను. గడువు ఎవరూ చెప్పలేదు. తొందర లేదని నాకు నేనే నిర్ణయించుకున్నాను.

ఇంటర్ ఫలితాలు ఖమ్మంలో ఇంటర్నెట్ సెంటర్లో చూసుకుని బస్టాండుకు నడుస్తుంటే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ గోడ కనపడింది. ఆ కాలేజీలో ఉన్న గ్రూపులన్నీ గోడ మీద రాయించారు. పైన కంప్యూటర్లు పెద్ద అక్షరాలతో, కింద కామర్సు మధ్యరకంగా, అట్టడుగున, మురికికాలువ నీళ్లు చిందే చోట, బి.ఏ. అందులో మూడు సబ్జెక్టులు: చరిత్ర, సమాజశాస్త్రం, మనస్తత్వశాస్త్రం. మూడోది సగం బురద కొట్టుకుని ఉంది. నేను అక్కడ నిలబడి ఆలోచించింది ఎక్కువేం లేదు. చరిత్ర అంటే చచ్చినవాళ్ల సంగతి, సమాజశాస్త్రం అంటే అందరి సంగతి, నాకు కావలసింది ఒక్కడి సంగతి. రోగం పేరు తేలాలన్నాడు గదా, ఆయన రోగం పేరు తేలుద్దామనుకున్నాను.

ఆ సంగతి నాన్నకు బస్సులోనే చెప్పాను. ఆయన టికెట్లు కొడుతూ వచ్చి నా సీటు దగ్గర ఆగాడు. అది చదివితే ఏమైతరు అని అడిగాడు. మనుషులకు ఏమైందో చెప్తరు అన్నాను. ఎవరికి చెప్తరు అన్నాడు. అడిగినోళ్లకు అన్నాను. నాన్న నా పక్కనామెకు తప్పు టికెట్ కొట్టి, ముందుకు పోయాడు. మర్నాడు ఫీజు కట్టి వచ్చాడు. అన్నను అడగకుండా ఆయన చేసిన పెద్ద పని అదొక్కటే. అన్నకు చెప్పడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

పెదనాన్న ఆ సంగతి విన్నప్పుడు మా వరండాలో కుర్చీలో ఉన్నాడు. కోపం రాలేదు. నవ్వాడు.

"పిచ్చోళ్ల చదువా? మంచిదే. ఇంట్లనే ఒకరున్నరు, ప్రాక్టికల్సుకు బయటికి పోయే పని లేదు."

అమ్మ అప్పుడే చాయ్ తీసుకుని గడప దాటుతున్నది. ఆగలేదు. వచ్చి గ్లాసు ఆయన చేతికి ఇచ్చింది, చక్కెర సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాడు. ఆ నిమిషంలో నాకు చదువు మీద కలిగినంత శ్రద్ధ ముందూ తర్వాతా ఎప్పుడూ కలగలేదు.

పై ఆదివారం నన్ను ముందుకు పిలిచాడు. తల మీద చెయ్యి పెట్టి, తను ఎంతో ఆలోచించి ఈ బిడ్డను మనస్తత్వశాస్త్రానికి పంపుతున్నానని సంఘానికి చెప్పాడు. తువాలు. నేను కూర్చుని ఉన్న సీటు మీదే, నా తల మీదుగా. సంఘం ఆమెన్ అన్నది. నా బాకీలో ఇంకొకటి చేరింది.

కాలేజీ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మా ల్యాబులో అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే బల్ల ఒకటి, స్టాప్‌వాచీ ఒకటి, వెనక భాగం పోయిన మెదడు బొమ్మ ఒకటి ఉండేవి. లెక్చరరు ఒక్కరే. వరంగల్లు నుంచి రైల్లో వారానికి రెండు రోజులు వచ్చి పోయేవారు. మిగతా రోజులు మేము మమ్మల్ని మేమే పరిశీలించుకునేవాళ్లం. తల్లాడలో నేను బస్సు దిగితే చాలు, నా మొఖం చూసి చెప్పు నేనేం అనుకుంటున్ననో అనేవాళ్లు ఎదురయ్యేవారు. మా వీధి చివర పత్తి రైతు ఒకాయన తన కోడలి మనసులో ఏముందో చూసి చెప్పమన్నాడు. ఆమె మనసులో ఏముందో ఊరంతటికీ తెలుసు. నేను ఇంకా ఫస్టియరే అని తప్పించుకున్నాను.

చివరి సంవత్సరంలో ఒక ప్రత్యేక పేపరు ఎంచుకోవాలి. కాగితం మీద నాలుగు ఉన్నాయి. బాల వికాసం, పారిశ్రామిక మనస్తత్వం, కౌన్సెలింగ్, అపసామాన్య మనస్తత్వం, అంటే మనసు రోగాల సంగతి. కనీసం ఐదుగురు అడిగితేనే ఏ పేపరైనా నడుపుతామని ప్రిన్సిపాలు చెప్పాడు. క్లాసులో అందరి చూపూ బాల వికాసం మీద ఉంది, బి.ఎడ్.కు పనికొస్తుందని. పారిశ్రామికం చదివితే పాల్వంచ, కొత్తగూడెం వైపు కంపెనీల్లో తీసుకుంటారని ఒకరిద్దరు అనుకున్నారు. కంపెనీలకు ఆ సంగతి తెలుసో లేదో.

సారు నన్ను పిలిచి కౌన్సెలింగ్ తీసుకోమన్నారు. భద్రాచలం వైపు హాస్టళ్లలో పిల్లలతో మాట్లాడేవాళ్లు కావాలంటున్నారట, నువ్వు ఆ ప్రాంతం దానివే కదా అన్నారు. నేను ఆ సిలబస్ ఓపికగా చదివాను. ఎదుటి మనిషి చెప్పేది వినాలి. మధ్యలో మాట అందుకోకూడదు. తీర్పు చెప్పకూడదు. సలహా కూడా ఇవ్వకూడదు, వాళ్లంతట వాళ్లు తెలుసుకునేదాకా పక్కన కూర్చోవాలి. పెదనాన్న మీద ప్రయోగించడానికి ఇంతకంటే పనికిరాని ఆయుధం ఇంకొకటి ఉండదు. నాకు అపసామాన్యమే కావాలన్నాను. మిగతా నలుగురిని తెచ్చుకో అన్నారు సారు.

తెచ్చుకోవడం అంత కష్టమేం కాలేదు. ఒక్కొక్కరిని పక్కకు పిలిచి, మీ ఇంట్లో ఎవరి మీదన్నా కోపం ఉందా అని అడిగాను. ఉండకపోవడమంటూ లేదు. కొత్తగా పెళ్లైన ఒకమ్మాయికి అత్త ఉంది. హాస్టల్లో ఉండే ఒకమ్మాయికి వార్డెన్ ఉంది. నేలకొండపల్లి వైపు నుంచి వచ్చే ఒక రైతు కొడుకుకు బాబాయి ఉన్నాడు, ఆయన మాట ఎత్తితే చాలు ఇతని చెవులు ఎర్రబడేవి. ఇంకొకతను ఎవరి మీదో చెప్పలేదు గానీ అందరికంటే ముందు సంతకం పెట్టాడు. బాల వికాసం చదివితే ఇంకెవరి పిల్లలో బాగుపడతారు, ఇది చదివితే మనవాళ్ల సంగతి తేలుతుంది అని చెప్పాను. ఆ ఏడు ఆ కాలేజీలో అపసామాన్యం పేపరు నడిచింది.

మొదటి క్లాసులో సారు మా ఐదుగురి మొహాలు చూసి పుస్తకం మూసి పక్కన పెట్టారు. ఒక మాట చెప్పాలి అన్నారు. "డాక్టరీ చదివేటోనికి ప్రతి రోగం తనకే ఉన్నట్టు కొడతది. ఈ పేపరు చదివేటోనికి ప్రతి రోగం పక్కింటోనికి ఉన్నట్టు కొడతది. జెర సూసుకోండి." మేము అందరం తల ఊపాం. పక్కింటివాళ్లతో మాకు పేచీ లేదు. మావాళ్లంతా ఇంట్లోనే ఉన్నారు.

పుస్తకం తెలుగు మీడియంలో ఉండేది, మాటలు బండరాళ్లలాగా ఉండేవి. నేను ప్రతి అధ్యాయాన్నీ పెదనాన్నకు తొడిగి చూసుకుంటూ చదివాను, బట్టల షాపులో చొక్కాలు చూసినట్టు. ఉన్మాదం పెద్దదైంది, ఆయనకు వదులు. భయాలు ఆయనకు పట్టవు. అనుమాన రోగం భుజాల దగ్గర సరిపోయింది గానీ చేతులు పొట్టి. తనంతవాడు లేడనుకునే వ్యక్తిత్వం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొలత తీసి కుట్టినట్టు ఉంది. తన గొప్పదనం మీద అపారమైన నమ్మకం, పొగడ్త లేకపోతే ఉక్కపోత, ఎదుటివాళ్ల బాధ తగలకపోవడం. ఆ పేజీ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. కుంగుబాటు మీద ఒక పొడుగాటి అధ్యాయం ఉంది. అది చదవడం దండగనిపించింది. పెదనాన్న కుంగడం భూమ్మీద ఎవరూ చూసి ఉండరు. పరీక్షలో దాన్ని ఛాయిస్‌లో వదిలేయవచ్చని లెక్క చూసుకుని, ఆ పేజీలు విప్పకుండానే వదిలేశాను. మార్కులకేం లోటు రాలేదు.

పరీక్షలయ్యాక ఒక ఆదివారం, చెప్పాల్సింది సిద్ధం చేసుకుని చర్చికి పోయాను. ఎప్పటిలాగే అమ్మ పక్కన, చెప్పుల దగ్గర కూర్చున్నాను. ఎప్పటిలాగే పెదనాన్న లేచి, మనసు బాగాలేని సోదరి గురించి చెప్పి, పేరు చెప్పనన్నాడు. అన్నేళ్లైనా మెడలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, అలవాటుకు. అయ్యగారు, అంటే మా పాస్టరు, ఇంకెవరికన్నా అవసరత ఉన్నదా అని అడిగాడు. నేను లేచాను.

"మన సంఘంలో ఒక పెద్దాయనకు మనసు బాగలేదండి. తను లేకపోతే సంఘం నడవదని అనిపిస్తుంటది ఆయనకు. వేరేవాళ్ల చేతిలో మైకు సూస్తే ఓర్వలేడు. ఎవరన్న ఏడుస్తుంటే ఆయనకు తెల్వదు. ఇది రోగమేనండి, నేను చదువుకున్న. ఆయన కోసం అందరం ప్రార్థన చేయాలె. పేరు చెప్పను."

మా సంఘం మెడలకు మంచి అలవాటు ఉంది. అన్నీ ఒక్కసారే ఎడమ పక్కకు, మగవాళ్ల వైపు మొదటి చాప వైపు తిరిగాయి. ఎవరో ఒక ముసలామె ప్రభువా అన్నది, నిజమైన జాలితో. ప్రార్థన చేయొద్దని ఎవరూ అనలేరు. ఆ పెద్దాయన నేనే అని ఆయన అనలేడు, కాదనీ అనలేడు. పైగా అవసరతలన్నిటికీ ప్రార్థన చేసే వంతు ఆయనదే. ఇది నేను ముందే ఆలోచించుకున్నాను. నిజం చెప్పాలంటే ఇది తప్ప ఇంకేం ఆలోచించలేదు.

ఆయన లేచాడు. జ్వరాల కోసం చేశాడు. పరీక్షల కోసం చేశాడు. సోదరి కోసం చేశాడు. ఆ తర్వాత ఆగాడు. ప్రార్థనకు హార్మోనియం ఉండదు కాబట్టి ఎవరూ సుట్టు తిరిగి వచ్చి ఆయన కోసం ఆగలేదు. చివరికి, ఆ పెద్దాయన మీద గూడ కనికరించు ప్రభువా అన్నాడు. సంఘమంతా ఆమెన్ అన్నది. నేను అందరికంటే కొంచెం గట్టిగా అన్నాను.

తర్వాతి వారాలు నా జీవితంలో సుఖంగా గడిచిన రోజుల కింద లెక్క. నేను మళ్లీ లేవాల్సిన పని కూడా పడలేదు. పై ఆదివారం వేరే ఆమె ఎవరో లేచి, ఆ పెద్దాయనకు ఎట్లున్నదో, ఈ వారం గూడ జ్ఞాపకం చేసుకుందామన్నది. మా పెద్దమ్మను బావి దగ్గర ఆపి, ఆయన రాత్రిళ్లు నిద్రపోతున్నడా అని అడిగారు. ఒకరు నాటుకోడి గుడ్లు పంపారు. పెదనాన్న గొంతు పెంచితే పాపం అన్నట్టు తలలు ఊపేవారు. గొంతు తగ్గిస్తే ఇంకా పాపం అన్నట్టు ఊపేవారు. నవ్వితే ఒకరి మొఖం ఒకరు చూసుకునేవారు. మనిషి ఏం చేసినా అది లక్షణమే అవుతుంది, ఒకసారి పేరు చెప్పకుండా పేరు పెట్టాక. అమ్మ అన్నేళ్లు నడిచిన తోవే అది. నేను ఆయనకు కొత్తదేం చూపించలేదు.

పెదనాన్న మా ఇంటికి రావడం మానేశాడు. అవసరతలకు ప్రార్థన చేసే పని గొంతు నొప్పి పేరు చెప్పి ఇంకొకరికి అప్పజెప్పాడు. సోదరి సంగతి ఎత్తడం కూడా మానేశాడు. మొదటి చాప వదిలి గోడకు జారగిలి కూర్చోవడం మొదలుపెట్టాడు. నాన్న ఒక రోజు అన్నం తింటూ, అన్న సన్నబడ్డడు అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు. నేను ఇంకొంచెం చారు పోసుకున్నాను.

గొంతు నొప్పి పేరుతోనే పెదనాన్న పాట కూడా ఆపాడు, అట్లా మైకు ఖాళీ అయింది. అయ్యగారు శనివారం మా ఇంటికి వచ్చి, రేపు అమ్మగారు పాట ఎత్తుకోవాలన్నాడు. అమ్మ ఆయనకు చాయ్ ఇచ్చింది. నేను ఆ సాయంత్రం ఆమె తెల్లచీర ఇస్త్రీ చేశాను. మా ఇంట్లో ఇస్త్రీ నేను చేయడం అరుదు. ఒక మూల కొంచెం కాలింది గానీ కుచ్చిళ్లలో కనపడదు.

ఆదివారం అమ్మ ఆ చీరే కట్టుకుంది. పోయి మళ్లీ గుమ్మం దగ్గరి చాప మీదే కూర్చుంది. ముందుకు పోదామంటే వినపడనట్టు ఉంది. అయ్యగారు ఆమె పేరు చెప్పి పిలిచాడు. ఆ చర్చిలో ఆమె పేరు పైకి వినపడి ఎన్నాళ్లైందో. ఆమె లేవలేదు. ఫరవాలేదు, అక్కడ్నుంచే పాడనియ్యండి అని మైకును చాప తర్వాత చాప చేతులు మార్చి వెనక్కి పంపారు, పొడుగాటి వైరు ఆడవాళ్ల ఒళ్లల్లోంచి జారుకుంటూ వచ్చింది. నా చేతికి వచ్చింది. నేను అమ్మకు పట్టాను. హార్మోనియం పాత పాటే ఎత్తుకుంది, ఆ రోజు రెండో చరణం రాని పాట. ఒక సుట్టు తిరిగింది. గోడ పక్కన పెదనాన్న తల వంచుకుని కూర్చున్నాడు. ఇంకో సుట్టు తిరిగింది.

నేను మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, వంగి, భయమెందుకమ్మా, ఆయన ఇంక నోరెత్తడు, ఆయన రోగమేందో ఊరందరికీ తెలిసిపాయె గద అన్నాను.

అమ్మ నన్ను చూసింది. నా చెయ్యి పట్టుకుని మైకు మీద నుంచి పక్కకు తీసింది. పాడుతుందనుకున్నాను.

"ఆయన రోగం నాకెందుకు బిడ్డా. మూడేండ్లు చదివినవ్, నాకేమైందో చెప్పు."